నైరుతి మూల బీరువా

నేను ఒక చెక్క బీరువాను. తలుపులు టేకు, వీపు మాత్రం పలచటి ప్లైవుడ్డు. "గోడవైపు ఎవరు చూస్తారు?" అన్నాడు నన్ను చేసిన వడ్రంగి అప్పలాచారి. నిజమే, చాలాకాలం ఎవరూ చూడలేదు.

మొదట ఒక గుమాస్తాగారి మేడగదిలో గాలీ వెలుతురూ తగిలేలా నిలబడ్డాను. బదిలీ మీద వెళ్తూ ఆయన నన్ను విశాఖలోనే భానోజీకి అమ్మేశారు. భానోజీది సముద్రానికి దగ్గర్లో కింది వాటా. వాస్తు ప్రకారం బీరువా నైరుతిలోనే ఉండాలని, వేలు దూరనంతగా నన్ను గోడకి ఆనించాడు. ఆ గోడ అవతల స్నానాల గది. మనుషులు దిక్కులు చూసుకుంటారు గాని, గోడ వెనక ఏముందో చూసుకోరు.

గోడలో పైపు కారుతోంది. ముందు నా వీపు చల్లబడింది. తరవాత మెత్తగా నూగులాంటిది పాకింది. నల్లబూజు. నా ఎదురుగా మంచం మీద భానోజీ కూతురు మౌక్తిక పడుకునేది. వానలు మొదలవగానే ఆ పిల్లకి ఆయాసం పట్టుకుంది. ఊపిరి తీస్తే పిల్లికూతలు. చీరలు ముక్కవాసన వేస్తున్నాయని తల్లి సుగుణ నాలో కలరా ఉండలు వేసింది.

దసరాకి ఇల్లు దులుపుతూ నన్ను ముందుకి లాగారు. గోడంతా నల్లటి మచ్చలు. నాయనమ్మ నూకరత్నం పొడి చీపురుతో బరబరా గీకేసింది. గదంతా దుమ్ము లేచింది. భానోజీ తడిగోడ మీదే రంగు పూసి, నన్ను మళ్ళీ వెనక్కి నెట్టేశాడు. ఆ సాయంత్రమే పిల్ల పెదాలు నీలంగా మారాయి. ఆసుపత్రికి ఎత్తుకుపోయారు.

ఇంట్లో గోడలు నెమ్మెక్కాయా అని డాక్టరు అడిగాడట. పిల్లని తన అక్క ఇంట్లో ఉంచి సుగుణ ఒక్కతే తిరిగొచ్చింది. నన్ను ఎండలోకి లాగించింది. పైపు మార్పించింది. కిటికీలన్నీ తెరిచి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, గోడని సబ్బునీళ్ళతో తడిపి తోమింది. పాడైన నా వీపు పీకించి కొత్తది కొట్టించి, నన్ను గది మధ్యలో నిలబెట్టించింది.

"గోడ పూర్తిగా ఆరేదాకా పిల్లని తీసుకురాను. ఆరాక కూడా బీరువా గోడకి ఎడంగానే ఉంటుంది," అంది.

"మీ ఆవిడ ఇంజినీరు చదివేసిందిరా," అంది నూకరత్నం కొడుకుతో.

"చదవక్కర్లేదు అత్తయ్యా, చెయ్యి పెట్టి చూస్తే చాలు."

ఈ ఉదయం భానోజీ ఇద్దరు మనుషుల్ని తీసుకొచ్చాడు. సుగుణ గోడకి అడ్డంగా నిలబడింది.

"ఇంకా తడిగానే ఉందండీ. ఒక్కసారి ముట్టుకోండి."

ముట్టుకున్నాడు. వేళ్ళు లుంగీకి తుడుచుకున్నాడు.

"నైరుతి ఖాళీగా ఉంటే ఇంటికి అరిష్టం. మంచి గడియ దాటిపోతోంది, ఎత్తండ్రా."

సుగుణ పక్కకి తప్పుకుంది. నన్ను మూలకి చేర్చి వాళ్ళు వెళ్ళాక, నా తలుపులు తెరిచి పిల్ల గౌన్లన్నీ తీసి సంచిలో సర్దింది. తన చీరలు కూడా.

"ఎక్కడికే?" అన్నాడు భానోజీ.

"అక్క ఇంటికి."

"ఎప్పుడొస్తావు?"

ఆమె సంచి భుజాన వేసుకుంది. వీధి గేటు చప్పుడైంది.

చల్లగాలి వస్తోందని భానోజీ కిటికీలు మూసేశాడు. ఖాళీ అయిన పిల్ల మంచం మీద నూకరత్నం నడుం వాల్చింది. కాసేపటికి, గొంతులో ఏదో అడ్డం పడినట్టు, మెల్లగా దగ్గింది.