ఫిల్టర్ మూత మీద దారం

పరీక్ష గొట్టంలో నీళ్ళు మళ్ళీ ఆకుపచ్చగా మారాయి.

కోడలు దాన్ని కిటికీ వెలుతురులో ఎత్తి చూసింది. నిన్న పసుపులోకి తిరుగుతున్న రంగు ఇవాళ ముదురు ఆకుపచ్చ. పసుపైతే అమ్మోనియా లేనట్టు. ఆకుపచ్చైతే విషం. ఆస్పత్రి ల్యాబ్‌లో రోజంతా జనం రక్తం పరీక్షించే మనిషి ఆమె. నమూనా దానంతటది మారదని తెలుసు. ఎవరో చెయ్యి పెట్టారు. అదీ మొదటిసారి కాదు.

కొత్త అక్వేరియంలో ఇంకా చేప లేదు. చిటికెడు మేత వేసి కుళ్ళనిస్తోందంతే. కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది. దాన్ని తినే బ్యాక్టీరియా ఫిల్టర్‌లోని స్పాంజిని పట్టుకుని పెరగాలి. అవి వదిలే నైట్రైటూ విషమే, దాన్ని తినడానికి ఇంకో జాతి రావాలి. ఈ రెండు కాపురాలూ కుదురుకున్నాకే చేపని దించాలి.

ఆ చేప పేరు దొర. మావయ్య ప్రాణం. ఇల్లు మారేటప్పుడు పాత అక్వేరియం పగిలింది. అప్పటినుంచి దొరగారి మకాం స్నానాల గదిలోని ప్లాస్టిక్ టబ్బు. రోజూ నిలవుంచిన నీళ్ళతో సగం మార్చినా ఈమధ్య పైకి తేలి నోరు తెరుస్తోంది. మేత ముట్టడం లేదు. అది చూసి మావయ్య కూడా కంచం ముందు నుంచి లేచిపోతున్నాడు.

భర్త ఊళ్ళో లేడు. మావయ్య చేపకి ద్రోహం చేయడు. ఇక మిగిలింది ఆడపడుచు. బట్టలు కుడుతుంది. చేతిలోనూ నోట్లోనూ కత్తెరే కాబట్టి ఇంట్లో ఆమె పేరే కత్తెర. కిటికీ పక్కనున్న ఆమె కుట్టు మిషన్ జరిపి అక్కడే అక్వేరియం పెట్టారు.

"చేపలేని నీళ్ళకి కిటికీ, నాకు గోడా! బావుంది వదినా మర్యాద," అంది కత్తెర దారం కొరుకుతూ.

"మిషన్ ఊపిరాడక చచ్చిపోదుగా?"

"మిషన్ కాదు, నేను చస్తా."

పైగా బాల్కనీలో ఒక బకెట్. మీద గుడ్డపేలికలు కప్పి ఉంటాయి. లోపలినుంచి సన్నగా గుయ్యిమని చప్పుడు. అదేంటని అడిగితే, "నా సామాను. దాని జోలికి రాకు," అంది కత్తెర.

కోడలు ఫిల్టర్ మూత మీద, ఎవరు తీసినా తెలిసేలా, అడ్డంగా ఒక నీలం దారం పరిచి డ్యూటీకి వెళ్ళింది.

సాయంత్రానికి దారం లేదు. కత్తెర భుజం మీద మాత్రం నీలం దారం వేలాడుతోంది.

"ఇదేంటి?"

"దారం. నా ఒంటి మీద దారం లేని రోజు ఎప్పుడైనా చూశావా? పోలీసులా చూస్తావేంటి?"

మర్నాడు కోడలు చెప్పులేసుకుని, "వెళ్ళొస్తా," అని తలుపు చప్పుడయ్యేలా వేసింది. మెట్ల మీద కాసేపాగి, తాళం చెవితో మెల్లగా తలుపు తీసింది. కుట్టు మిషన్ టకటక ఆడుతోంది. ఫిల్టర్ మూత పక్కన పెట్టి ఉంది. వంటింట్లో కుళాయి ధార.

తొంగిచూసింది. మావయ్య! కుళాయి కింద స్పాంజిని రెండు చేతులా పిండుతున్నాడు. గోధుమరంగు నీళ్ళు తూములోకి పోతున్నాయి.

"చూడమ్మా, ఎంత మడ్డో! ఇందులోకా మా దొరని దించేది?"

"మావయ్యా, అది మడ్డి కాదు. మనకి కావాల్సిన బ్యాక్టీరియా."

"పాత ఇంట్లో వారం వారం కడిగేవాణ్ణి. దొరకి ఏమన్నా అయిందా?"

"అక్కడ బావి నీళ్ళు. ఇది కుళాయి, అప్పుడే పట్టిన నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. క్రిముల్ని చంపడానికే కలుపుతారు. మనవీ చచ్చాయి."

మావయ్య చేతిలోంచి స్పాంజి జారింది. "అంటే... దొరని నేనే చంపుతున్నానా?"

మళ్ళీ మొదట్నుంచి పెంచాలంటే వారాలు. దొర అంతకాలం ఆగదు.

మిషన్ ఆగింది. కత్తెర లోపలికొచ్చి ఇద్దర్నీ చూసి, బాల్కనీలోకి వెళ్ళి బకెట్ మోసుకొచ్చింది. పేలికలు తీస్తే అడుగున పాత అక్వేరియం రాళ్ళు, పక్కన పాత గాలి మోటారు.

"ఇల్లు మారేటప్పుడు పారేయమన్నావు. అమ్మ బతికుండగా ఏరి తెచ్చినవి వదినా. ఎండితే రంగు పోతాయని నీళ్ళలో దాచా. వాసన రాకుండా మోటారు పెట్టా. తిడతావని చెప్పలేదు."

"కుళాయి నీళ్ళేనా?"

"కాదు. రోజూ దొర టబ్బులోంచి తీసేసే నీళ్ళు."

కోడలు బకెట్ మీదికి వంగింది. ఆ నీళ్ళలో అమ్మోనియా ఉంటుంది. అంటే కత్తెర తనకే తెలియకుండా, ఆ రాళ్ళని పట్టుకున్న బ్యాక్టీరియాకి మేత పెడుతోంది! బకెట్ నీళ్ళు గొట్టంలోకి తీసి, మందు చుక్కలు వేసి ఊపింది. ముగ్గురూ గొట్టం చుట్టూ చేరారు.

పసుపు. నిఖార్సయిన పసుపు. రెండో గొట్టంలో నైట్రైటూ లేదు.

రాళ్ళన్నీ అక్వేరియంలోకి దిగాయి. మర్నాడు అక్కడి నీళ్ళూ పసుపుకొచ్చాయి, నైట్రైట్ లేదు. దొరని దించారు. కాసేపు పైనే తచ్చాడి, మెల్లగా రాళ్ళ దాకా దిగి, ఒకదాన్ని మూతితో పొడిచింది. వేసిన మేత రెండు గింజలు తింది. మావయ్య ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

కోడలు ఫిల్టర్ మూత మీద మళ్ళీ ఒక దారం పరిచింది.

"ఇంకా నా మీద అనుమానమేనా?" అంది కత్తెర.

"నీ మీద కాదులే."

నాలుగడుగులు వేసి ఇద్దరూ వెనక్కి తిరిగారు. మావయ్య మూత మీదికి చాచిన చేతిని గబుక్కున వెనక్కి లాక్కున్నాడు.