కల్మెట్ కూర్చోమనలేదు

పొద్దున్నే టారో దుంపల తోటకి పోతూ కల్మెట్ ఆ కొత్త ఇంటి ముందు ఆగుతాడు. ఒక కన్ను మూసి గోడ వంక చూస్తాడు. "మూడో వరస అర వేలు బయటికొచ్చింది," అని ఎవరూ అడక్కుండానే చెప్పి, తుపుక్కున ఉమ్మి, కత్తి భుజాన వేసుకుని వెళ్ళిపోతాడు. ఇల్లు పూర్తయి ఏడు నెలలైంది. ఒక్కరోజు కూడా తప్పలేదు.

గోడ వంకర నిజమే. ఎఫాటే దీవిలో రాయి పేర్చడంలో కల్మెట్‌ని మించినవాడు లేడు. ఊరి చర్చి గోడ అతను కట్టిందే. మూడు తుఫాన్లు చూసింది, పెచ్చు కూడా ఊడలేదు. అలాంటివాణ్ణి ఊళ్ళో పెట్టుకుని, ఈ ఇల్లు కట్టించుకున్న తెల్లాయన పట్నం నుంచి మేస్త్రీల్ని తెచ్చుకున్నాడు. అదొక కోపం. అసలు కోపం వేరే ఉంది.

తెల్లాయన పేరు క్లైవ్. ఆస్ట్రేలియాలో బెండిగో అనే ఊళ్ళో నలభై ఏళ్ళు రొట్టెల భట్టీ నడిపి, భార్య మావిస్‌తో సముద్రం ఒడ్డున ముసలితనం గడుపుదామని వచ్చాడు. నేల కల్మెట్ తండ్రిది. కల్మెట్ తమ్ముడు కల్టాక్ చదువుకున్నవాడు, పట్నంలో ఆఫీసు పని. అతనే డెబ్బై అయిదేళ్ళ లీజు కాగితం రాయించి సంతకం పెట్టాడు. కల్మెట్‌కి సంతకం రాదు. తన పేరులో మొదటి అక్షరం మాత్రం గీస్తాడు. ఆ ఒక్క అక్షరమైనా ఎవరూ అడగలేదు.

అడగకపోతే పోనీ. సముద్రం బాగా కనపడాలని క్లైవ్ ఒక కొబ్బరిచెట్టు కొట్టించాడు. కల్మెట్ పుట్టినప్పుడు వాళ్ళమ్మ అతని బొడ్డుతాడు పాతి, దానిమీద నాటిన చెట్టది. కొడుతున్నంతసేపూ కల్టాక్ పక్కనే ఉన్నాడు. నోరెత్తలేదు.

అందుకే ఆ ఇంటికి నీడ రాలేదు.

ఆ ఊళ్ళో బయటివాడు ఇల్లు కట్టుకుంటే, ఆ నేలకి పెద్దయినవాడు వెళ్ళి గుమ్మం ముందు చాప పరిచి "కూర్చో" అనాలి. అంటే ఇంటికి నీడ వస్తుంది, అనకపోతే రాదు. కల్మెట్ అనలేదు. కప్పు ఉంది, వరండా ఉంది, కిటికీలకి తెరలున్నాయి. ఎండ మాత్రం నీళ్ళలో దిగినట్టు వాటన్నిట్లోంచీ దిగేది. మావిస్ ఉతికిన బట్టలు పడకగదిలోనే ఆరేసేది. గంటలో పెళపెళమనేవి. "ఇంకా నీడ రాలేదా అమ్మా?" అని ఆడవాళ్ళు అడిగేవాళ్ళు, కరెంటు రాలేదా అని అడిగినట్టు. "ఇంకా లేదు," అనేది ఆమె.

ఒక సాయంత్రం, వేరు దంచి పిండిన కావా మత్తురసం తాగేచోట, కల్టాక్ వచ్చి అన్న పక్కన కూర్చున్నాడు.

"అన్నా, ఆమెకి ఒంట్లో బాగాలేదు. చర్మమంతా పొక్కిపోయింది. ఒక్క మాటేగా, అనేయరాదూ?"

"కాగితం ఉందిగా నీ దగ్గర. దాన్ని కప్పుకోమను."

"నామీది కోపం వాళ్ళమీద తీర్చుకుంటావా?"

"నీమీది కోపం నీమీదే ఉంది, భద్రంగా. ఇది వాళ్ళ వాటా."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. కల్మెట్ నవ్వలేదు. చిప్ప ఖాళీ చేసి లేచిపోయాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం మావిస్ తనే వచ్చింది. కల్మెట్ తన చూరు కింద కూర్చుని కత్తి నూరుతున్నాడు. ఆమె వాకిట్లో ఎండలో నిలబడింది. చేతిలో గుడ్డలో చుట్టిన రొట్టె. మొహం కమిలిపోయి ఉంది. వచ్చీరాని బిస్లామా భాషలో, నేర్చుకుని వచ్చిన మాటలు ఒక్కొక్కటే పేర్చింది.

"పెద్దాయనా, చెట్టు సంగతి మాకు తెలీదు. తెలీదంటే తప్పు పోదు. అడిగి కొట్టాల్సింది. తప్పు మాదే."

కత్తి రాయి మీద అటూ ఇటూ జరుగుతోంది. లోపల్నుంచి భార్య లేయివాస్ కేకేసింది. "ఏమయ్యా, ఆడమనిషి ఎండలో నిలబడి ఉంది! కనపడట్లా?"

కల్మెట్‌కి కనపడుతూనే ఉంది. ఆమె వంగకుండా, ఏడవకుండా నిలబడింది. అలా నిలబడ్డం అతనికి నచ్చింది కూడా. నాలిక చివరిదాకా వచ్చింది మాట. అప్పుడు చెట్టు కూలిన చప్పుడు గుర్తొచ్చింది.

"రొట్టె మాడింది," అన్నాడు.

ఆమె రొట్టె గట్టుమీద పెట్టి వెళ్ళిపోయింది. లేయివాస్ బయటికొచ్చి రొట్టె విరిచి చూసింది.

"మాడలేదు. నువ్వే మాడావు," అంది. ఆ తర్వాత మొగుడితో మాట్లాడలేదు.

నాలుగో రోజు చర్చి గంట మోగింది. వడదెబ్బకి మావిస్ గుండె ఆగిందన్నాడు డాక్టరు. బెండిగో తీసుకుపోదామని క్లైవ్ అనుకున్నాడు గాని, కొట్టేసిన కొబ్బరి మొద్దు పక్కన పాతిపెట్టమని ఆమె ముందే చెప్పిందట. అక్కడే పెట్టారు. మోసుకొచ్చినవాళ్ళు ఇంటి పక్కనే ఉండి కూడా గొడుగులు పట్టుకుని నిలబడ్డారు. కల్మెట్ వెళ్ళలేదు. వాకిట్లో ఆమె నిలబడ్డచోటు కేసి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు అతను తోటకి పోలేదు. పగడపు రాళ్ళు తోపుడుబండి మీద వేసుకుని, నూలుతాడు, తాపీ, ఒక చాప తీసుకుని సమాధి దగ్గరకి పోయాడు. చుట్టూ పెట్టిన రాళ్ళు చూశాడు.

"చచ్చినవాళ్ళకైనా తిన్నగా కట్టరు వెధవలు," అని వాటిని పీకేసి, తాడు కట్టి, తన రాళ్ళు వరసగా పేర్చాడు. చీమ దూరేంత సందు లేకుండా పేర్చాడు. మధ్యాహ్నమైంది. అప్పుడు బండిలోని చాప తీసి సమాధి మీద పరిచాడు.

"కూర్చో తల్లీ," అన్నాడు. "ఆవేళే అనాల్సింది."

ఇంటి గోడ మొదట్లోంచి సన్నటి నీడ బయల్దేరి, ఇసక దాటి వచ్చి, సమాధి మీద పడుకుంది. చాపంత వెడల్పు, మనిషంత పొడుగు. అంతకు మించి ఒక్క వేలు రాలేదు. వరండా ఎప్పట్లాగే మండుతోంది.

క్లైవ్ బయటికొచ్చాడు. మంగళవారం విమానానికి పెట్టె సర్దుకుంటున్నాడు, చేతిలో ఇంకా మడిచిన చొక్కా ఉంది. నీడ చూశాడు. దాని అంచుదాకా వచ్చి ఆగాడు. కూర్చోలేదు. ఆవేళ వాకిట్లో మావిస్ నిలబడినట్టే నిలబడ్డాడు, చొక్కా పట్టుకుని.

కల్మెట్ తాడు చుట్టుకున్నాడు. తాపీ కడుక్కున్నాడు. తుడుచుకున్నాడు. కొబ్బరి మొద్దు కేసి చూశాడు. క్లైవ్ మెడ మీద చర్మం పొరలుగా ఊడుతోంది. అయినా కదల్లేదు.

బండి తోసుకుంటూ, వెనక్కి తిరక్కుండా అన్నాడు కల్మెట్: "నిలబడి ఏం చూస్తావు? కూర్చో. కాళ్ళు ముడుచుకో, ఇద్దరికి సరిపోదు."

మంగళవారం విమానం ఖాళీ సీటుతో పోయింది. ఆ నీడ ఇప్పటికీ అంతే ఉంది, పెరగలేదు. క్లైవ్ అందులోనే తింటాడు, అందులోనే నిద్రపోతాడు, కాళ్ళు ముడుచుకుని. కల్మెట్ పొద్దున్నే తోటకి పోతూ అక్కడ ఆగుతాడు. గోడ వంక మాత్రం చూడడు.