వాన ఏటి సరుకు

పొద్దున్నుంచి అర్పిత ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. వంటింట్లోకి వెళ్తుంది, ఫ్రిజ్ తలుపు తీస్తుంది, పెరుగు గిన్నె వెనక దాచిన సీసాను వేలితో తాకి చూస్తుంది, తలుపు వేస్తుంది. పది నిమిషాలకు మళ్ళీ అదే తంతు.

"ఏందే, గంటకు నాలుగుసార్లు ముడుతున్నవ్? అదేమన్న గుడ్డు పెడ్తదా?" అంది తల్లి సుశీలాబాయి, జొన్నపిండి తడుపుతూ.

"సల్లగయ్యిందా లేదా అని చూస్తున్ననమ్మా."

"నా పెరుగుకు తాకకుంట పెట్టు. రేపు ఏకాదశి."

సీసాలో ఉన్నది రెడ్ వైన్. నాసిక్ దగ్గర ఒక వైన్ కంపెనీలో అర్పిత ఐదేళ్ళుగా పని చేస్తోంది. నాందేడ్ చుట్టాలందరికీ మాత్రం అది జ్యూస్ ఫ్యాక్టరీ. సుశీలాబాయి ఆ మాటను పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎంత నమ్మకంగా చెప్పుకొచ్చిందంటే, ఒక మేనత్త మామిడి రసం రెండు డబ్బాలు పంపమని అడిగింది కూడా.

నిరుడు మొట్టమొదటిసారి ఒక పంట మొత్తం అర్పిత చేతికొచ్చింది. ఏ తోట ద్రాక్ష కోయాలి, ఏ రోజు కోయాలి, పీపాల్లో ఎన్నాళ్ళు ఉంచాలి, అంతా ఆమె ఇష్టమే అన్నారు. సంతోషపడేలోపే, కోతకు వారం ముందు అకాల వాన దంచికొట్టింది. పండ్లు నీళ్ళు తాగాయి. వైన్ పలచగా, లేత రంగులో దిగింది. యజమాని తుషార్ రుచి చూసి, దీంట్లో దమ్ లేదు, అంతకు ముందు ఏటి చిక్కటి వైన్‌లో కలిపేద్దామన్నాడు. అర్పిత వద్దంది. అయితే సోమవారం సాయంత్రం ఐదింటిలోగా తేల్చి చెప్పు, విడిగా సీసాల్లో నింపితే మంచికైనా చెడుకైనా పేరు నీదే అన్నాడు.

ఆ సోమవారం ఇవాళే. అప్పటికే నలభైసార్లు రుచి చూసింది. ఒకరోజు అమృతంలా ఉంటుంది, మర్నాడు గ్లాసు కడిగిన నీళ్ళలా ఉంటుంది. తన నాలుక మీద తనకే నమ్మకం పోయింది. ఆమె ఎరిగినంతలో అబద్ధం చెప్పని నాలుక ఒక్కటే, తండ్రిది. అందుకే శనివారం రైలెక్కి వచ్చేసింది.

తండ్రి శంకర్రావుకు నాందేడ్ మోండా మార్కెట్లో పసుపు అడతి దుకాణం. కొమ్ము విరిచి, తడిచేసి ఎడమ అరచేతిలో రుద్ది, నాలుక కొసకు తగిలించి, అది ఏ ఊరి పసుపో, ఏ ఏటి పసుపో, ఉడకబెట్టేటప్పుడు రైతు తొందరపడ్డాడో లేదో చెప్పేస్తాడు. "మాల్‌కు ఎడమ చెయ్యి, తీర్థానికి కుడి చెయ్యి. రెండు కలిస్తె బుద్ధి చెడ్తది." మాల్ అంటే సరుకు. చిన్నప్పుడు దుకాణంలో పక్కన కూర్చోబెట్టుకుని కూతురికి నేర్పిన మొదటి పాఠం అది.

కానీ ఆ పెద్దమనిషి మెడలో తులసి మాల ఉంది. పండరిపురంలో గురువు మహారాజ్ చేతుల మీదుగా వేయించుకుని ఇరవై ఆరేళ్ళు. మాల ఉన్నవాడు మందు ముట్టడు. ముట్టాడా, మాల తీసేసి, మళ్ళీ పండరికి వెళ్ళి, తప్పు ఒప్పుకుని వేసుకోవాలి. శంకర్రావు దగ్గుమందు కూడా సీసా మీది చీటీ చదవందే తాగడు. అలాంటి మనిషిని ఏ నోటితో అడుగుతుంది? ఈ ఐదేళ్ళలో ఆయన ఆమె పని గురించి ఒక్క ముక్క అడగలేదు. తిట్టినా బాగుండేది. ఆ మౌనమే అర్పితను లోలోపల కొరుక్కు తింటోంది.

మూడున్నరకు శంకర్రావు భోజనానికి వచ్చాడు. తిన్నాడు, చేయి కడుక్కున్నాడు. అర్పిత ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఏంది బిడ్డా, పండరికి నడ్సిపోయేటోళ్ళు గూడ గింతగనం నడ్వరు," అన్నాడు.

అంతే, కట్ట తెగినట్టు మొత్తం చెప్పేసింది. వాన, లేత రంగు, తుషార్ మాట, ఐదింటి గడువు. దుకాణానికి వచ్చిన రైతు గోడు విన్నట్టే విన్నాడాయన.

"వాన కోతకు ముందా, ఎన్కనా?"

"ముందు బాపూ. వారం దినాలు."

"పాత మాల్‌ల కలుపుమంటుండా?"

"హో, కలుపుమంటుండు."

శంకర్రావు కాసేపు గోడ గడియారం చూశాడు. "తీస్కరా. వాసన చూస్తె తప్పు లేదు."

వంటింట్లో గరిటె చప్పుడు పెద్దదైంది. అర్పిత స్టీలు గ్లాసులో వంచబోతే ఆయన వారించాడు. "గిలాసల రంగు ఏం కనవడ్తది? చేతుల పొయ్యి." లేచి కిటికీ వెలుతురులోకి వెళ్ళి అరచెయ్యి చాపాడు.

చెంచాడు పోసింది. దానిమ్మ రసం కంటే లేత ఎరుపు. అడుగున చేతి గీతలు కూడా కనిపిస్తున్నాయి. శంకర్రావు కళ్ళు మూసుకుని వాసన చూశాడు. మరుక్షణం ఆ చెయ్యి నోటికి వెళ్ళింది. జుర్రిన చప్పుడైంది. తడి చెయ్యి తల మీద రాసుకున్నాడు, గుళ్ళో తీర్థం పుచ్చుకున్నట్టే.

వంటింట్లోంచి సుశీలాబాయి గరిటె వదిలేసి వచ్చింది.

"విఠలా," అంది సుశీలాబాయి గుమ్మంలో నిలబడి. "ఎంత పని చేసిండ్రు."

"అలవాటుల పోయిందే," అన్నాడు ఆయన. మెల్లగా మాల తీశాడు, కళ్ళకద్దుకున్నాడు, విఠోబా పటం పక్కన మేకుకు తగిలించాడు. "ఆషాఢ ఏకాదశికి రెండు నెల్లున్నది. పండరికి పోయి మళ్ల ఏస్కుంట."

అర్పితకు ఏడుపు ఆగలేదు. "నా వల్లనే బాపూ. నేను రాకుంటె గిట్ల కాకపోతుండె."

"ఏడ్వకు. పోయింది ఎట్లనో పోయింది. ఒక్క చుక్కతోని మాల్ తేలదు. ఇంకింత పొయ్యి."

ఈసారి గ్లాసుతో తీసుకుని, నోట్లో చాలాసేపు ఉంచి మింగాడు. గడియారం నాలుగున్నర దాటింది.

"తేలిక మాలే. మీ సేటు అబద్ధమాడలే," అన్నాడు. అర్పిత సీసాకు మూత పెట్టబోయింది. "గని పల్చన వేరు, బోలు వేరు. ముందుగాల రేగుపండ్లు, ఎన్క తడి మన్ను. వగరు సన్నగున్నది, గని నిలవడ్డది. మింగినంక గూడ నోట్లకెల్లి పోతలేదు. నేనొకసారి వాన ఏటి పసుపును పాత దాంట్ల కల్పిన. ఇది గాకుంట, అది గాకుంట రెండు చెడినయ్. కలుపకు. వాన ఏటిదని చెప్పే అమ్ము."

అర్పిత వరండాలోకి వెళ్ళి తుషార్‌కు ఫోన్ చేసింది. కలపడం లేదు, నా పేరు మీదే సీసాల్లో నింపండి అంది.

తిరిగి వచ్చేసరికి తండ్రి పంపు కింద కుడి చెయ్యి కడుక్కుంటున్నాడు. అర్పిత అక్కడే ఆగిపోయింది. కిటికీ దగ్గర ఆయన చాపింది ఈ చెయ్యే. తను సీసా వంచకముందే చాపి నిలబడ్డాడు. రంగు చూసే ఆత్రంలో ఆ సంగతే ఆమెకు పట్టలేదు.

"బాపూ," అంది, "మాల్ ఎడమ చేతిల కదా చూస్తవ్?"

శంకర్రావు పంపు కట్టేసి, తువ్వాలు అందుకుని, ఆమె వైపు చూడకుండానే చెయ్యి తుడుచుకున్నాడు.

"అవ్ బిడ్డా. మాల్ అయితె ఎడమ చేతిలనే."