తాడు కాడి పిలుపు

మా పేటలో పెద్దవలని ఒడ్డుకి లాగే తాడు ఎవరు పడితే వాళ్ళు ముట్టుకోరు. పిలవాలి. పడవ వలని సముద్రంలో చుట్టి వచ్చాక ఒడ్డున నిలబడి పేరు పేరునా "రా" అంటారు. ఆ పిలుపు అందుకుని తాడు పట్టినవాళ్ళకే చేపల్లో వాటా. మగవాళ్ళని సన్యాసయ్య మావ పిలుస్తాడు, ఆడవాళ్ళని నా తోటికోడలు గౌరి. మగడు పోతే అతని చోటు భార్యకి వస్తుంది. కిడ్నీ జబ్బుతో మా పైడిరాజు పోయాక ఆ చోటు నాకు వచ్చింది.

ఆయనకి డయాలసిస్ చేయించడానికి టెక్కలి తిరిగిన రోజుల్లో అక్కడి ప్రార్థన మందిరం వాళ్ళు వచ్చి మా పక్కన కూర్చునేవారు. ఆయన పోయాక కూడా ఆదివారాలు నేను అక్కడికి వెళ్తున్నాను. అందుకే కిందటేడు గంగమ్మ పండక్కి నేను ఘటం ఎత్తలేదు. పేట పెద్దలు కూర్చున్నారు. నన్ను తిట్టలేదు, ఊరు విడిచి పొమ్మనలేదు. "బొడ్డమ్మని తాడు కాడికి పిలవొద్దు" అన్నారు, అంతే. ఆ తర్వాత గౌరి అందరినీ పిలిచేది. నా దగ్గరకి వచ్చేసరికి సముద్రాన్ని చూసేది. భావనపాడు హార్బరులో చేపలు కొని, ఎండబెట్టి అమ్ముకుని బతికాను. బతకడానికి అదీ చాలు. కానీ తెల్లవారుతూనే ఒడ్డు మీద పేర్లు వినిపిస్తుంటే ఇంట్లో కూర్చోవడం కష్టం.

మతం పేరు చెప్పి ఎవరినైనా వెలివేస్తున్నారా అని దేశదేశాలు తిరిగి చూసేవాళ్ళు ఉన్నారనీ, మా వైపు కూడా వస్తున్నారనీ మందిరం వాళ్ళు చెప్పారు. వాళ్ళు రాసింది పెద్ద సభల్లో చదువుతారట. ప్రభుత్వాలు జవాబు చెప్పుకోవాలట. నా సంగతి చెబుతానన్నాను. ఏ రోజు వస్తారో నాకు తెలియదు.

ఒక పొద్దున్న గౌరి నా గుమ్మంలోకి వచ్చింది.

"ఒలే బొడ్డమ్మా, ఇంకా పొయ్యి కాడే ఉన్నావేటే? రాయే, తాడు కాడికి."

నా చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. "ఎవులు రమ్మన్నారే?"

"పిలిసీది నాను. నాను రమ్మంటే సాలదేటి? ఏడాదైంది, ఇంక సాల్లే అని సన్నాసయ్య మావ కూడా అన్నాడు. ఆ పచ్చకోక కట్టుకో, పోటోలో బాగా పడతావు."

"తాడు లాగడానికి పోటోలేటే? పెళ్ళేటి?"

"నీ నోరు మండ! రాయే ముందు," అని నవ్వి నా చెయ్యి పట్టుకుంది.

పచ్చకోకే కట్టుకున్నాను.

నా చోటు ఖాళీగా ఉంచారు. తాడు తడిసి బరువుగా ఉంది. వెనకనుంచి ఎవరో అన్నారు, "బొడ్డమ్మ ఒచ్చింది, ఈయేల వల బరువెక్కుద్ది."

"ఒలే, నీ దేముడికి కూడా సెప్పే, ఆయన్నీ ఓ సెయ్యి ఎయ్యమను," అంది ఇంకొకామె.

"ఎయ్యకేటి, మరి ఆయనికీ వాటా ఇత్తారా?" అన్నాను. ఒడ్డంతా నవ్వింది. ఏడాదిలో నా మాటకి పేట నవ్వడం అదే మొదలు.

వల సగం వచ్చేసరికి కార్లు ఆగాయి. తెల్లజుట్టు విదేశీ ఆమె, ఆమె మాట తెలుగులో చెప్పడానికి విశాఖపట్నం నుంచి ఒక అమ్మాయి. నన్ను పడవ నీడకి విడిగా తీసుకెళ్ళారు.

"అమ్మా, మీరు ప్రార్థనకి వెళ్తారని మిమ్మల్ని ఇక్కడ వేరుగా పెట్టారని విన్నాం. భయపడకండి. నిజమేనా?"

ఏడాదిగా కూడబెట్టుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. అటు చూస్తే గౌరి నా తాడు చివర తన చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఇప్పుడు చెబితే ఆ తాడు మళ్ళీ నా చేతికి రాదనుకున్నాను.

"నేదమ్మా. ఇంట్లో కోపాలు రావా? ఒచ్చాయి, పోయాయి. సూత్తన్నారు కదా, అందరితో లాగుతన్నాను."

విదేశీ ఆమె నా అరచెయ్యి తిప్పి చూసింది. ఏడాది తాడు ముట్టని చెయ్యి, ఒక్క పూటకే బొబ్బలెక్కి చిట్లింది. ఆమె ఏదో అడిగింది. "రోజూ తాడు లాగేవాళ్ళ చేతులు ఇలా ఉంటాయా అంటున్నారు" అంది అమ్మాయి.

నేను పిడికిలి మూసుకున్నాను. "ముసలి సెయ్యమ్మా," అన్నాను.

వాళ్ళు అందరితో కలిపి నాకు ఫోటో తీసి వెళ్ళిపోయారు. గౌరి నా గంపలోకి వాటా కవళ్ళ చేపలు వంచి, ఇంకో దోసెడు ఎక్కువే వేసింది.

మర్నాడు పిలవకముందే వెళ్ళి నిలబడ్డాను. గౌరి పేర్లు మొదలుపెట్టింది. నా దాకా వచ్చింది. సముద్రాన్ని చూసింది.

"గౌరీ, నానున్నానే," అన్నాను.

సన్యాసయ్య మావ అందుకున్నాడు. "పిలవకుండా ఒచ్చినావేటి బొడ్డమ్మా?"

"నిన్న పిలిసినారు కదా మావా."

"నిన్న సుట్టాలొచ్చినారు, పిలిసినాం. మా పేటలో ఏ గొడవా నేదని నీ నోటితో నువ్వే సెప్పినావు. ఇంకెవులికి సెప్తావు?"

నిన్న నాతో నవ్వినవాళ్ళెవరూ ఈసారి నవ్వలేదు. అప్పుడు నాకు పచ్చకోక గుర్తుకొచ్చింది.

"ఆల్లొత్తారని నీకు ముందే తెలుసా గౌరీ?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాను కాదంటే మావోడ్ని పడవెక్కనిత్తారేటే?" అంది మెల్లగా. తర్వాత అదే నోటితో, అందరికీ వినబడేలా, తన కోడల్ని పిలిచింది. "కుమారీ, రా."

ఆ పిల్ల తల దించుకుని వచ్చి మా పైడిరాజు చోట నిలబడింది. తాడు కదిలింది.

ఇంటికి వచ్చేశాను. వాకిట్లో నిన్నటి వాటా కవళ్ళు ఎండుతున్నాయి. కాకులు వాలి తింటున్నాయి. నేను తోలలేదు.