చక్కెర లేని బేరాలు

ఆ ఏడు కల్లాల సీజన్ మొదలయ్యేసరికి నా చేతిలో ఉన్నవి నరసరావుపేటలో ఒక మిరపకాయల కొట్టు, ఒక బండి, బెల్టుకు లొంగని పొట్ట, ప్రసన్నలక్ష్మి అనే చెల్లెలు. మొదటి మూడూ నేను సంపాదించుకున్నవి. చెల్లెల్ని మా అమ్మ పోతూ పోతూ నా చేతుల్లో పెట్టింది.

ప్రసన్నలక్ష్మి కాలేయం పాడైంది. మందు వాసన ఎరగని మనిషి. ఒంట్లో ఉండే రక్షణే కాలేయం మీద తిరగబడిందని హైదరాబాదు డాక్టరమ్మ చెప్పింది. ఎవరైనా తమ కాలేయంలో ముక్క ఇవ్వాలి. ఇంట్లో నా రక్తమే కలిసింది. బేరం కుదిరిందనుకున్నాను. కానీ నా స్కానింగ్ చూసి డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

“నిండా కొవ్వు పట్టింది. ఇది ఇస్తే ఆమెకూ పనికిరాదు, మీకూ ప్రమాదమే.”

“నేను మందు ముట్టనండీ.”

“తీపీ నూనే ముడతారుగా. మూడు నెలలు ఆమెను మందులతో నెట్టుకొస్తాను. ఈలోగా మీరు కరిగించుకు రండి.”

ఇన్నేళ్ళుగా రైతుల కాయ చేతిలోకి తీసుకుని, ఇది మచ్చ, ఇది తాలు అని పక్కకు నెట్టినవాణ్ణి. నన్ను ఒకరు పక్కకు నెట్టడం అదే మొదలు.

వ్యాపారి బుద్ధి ముందు అడ్డదారి వెతుకుతుంది. మాచర్ల వైపు కామెర్లకు పసరు పోసే ఒకాయన దగ్గరికి వెళ్ళాను. పరగడుపున పసరు తాగడం, మధ్యాహ్నం ఎప్పటిలాగే బజ్జీలు తినడం. తర్వాతి రక్తపరీక్షలో అంకెలు తగ్గకపోగా పెరిగాయి.

“అందులో ఏముందో పోసినాయనకైనా తెలుసా? ఇంకోసారి తాగితే మీ పేరు కొట్టేస్తాను” అంది డాక్టరమ్మ.

ఇక మిగిలింది తిండి, నడక. నా భార్య నాగలక్ష్మి చక్కెర డబ్బా ఎత్తుకెళ్ళి ఎదురింటి షకీలాకిచ్చేసింది. కంచంలో అన్నం తగ్గి కూర పెరిగింది. రాత్రికి జొన్న రొట్టె వచ్చింది. ఇల్లు దారిన పడింది. చిక్కంతా బయటే.

మా పల్నాట్లో కల్లం దగ్గర ఏదో ఒకటి నోట్లో వేసుకోకుండా బేరం తెగదు. రైతు పెట్టింది వద్దన్నామంటే, కాయ నచ్చలేదనో ధర కొట్టబోతున్నామనో అర్థం. క్రోసూరులో పాకం లాంటి టీ, నాదెండ్లలో కూల్‌డ్రింకు, వినుకొండలో అరిసెలు. పూటకు నాలుగైదు కల్లాలు తిరిగేవాణ్ణి. ఆ మర్యాదలన్నీ వెళ్ళి నా కాలేయంలో కూర్చున్నాయి.

కడుపునొప్పన్నాను, ఉపవాసమన్నాను. ఎవరూ నమ్మలేదు. ఏళ్ళ తరబడి నాకే కాయ వేసే క్రోసూరు కోటిలింగం టీ గ్లాసు ఠక్కున కింద పెట్టాడు.

“ఏంది వీరాంజనేయులూ, మా టీ చేదైందా? సరుకు వద్దంటే వద్దని చెప్పు. వేరే కొట్టుకు తోలతా.”

“పేటలో పెద్ద షావుకారయ్యాళ్ళే. మన గ్లాసుల్లో తాగుతాడా ఏంది!” అంది ఆయన భార్య రామాయమ్మ.

మన అవసరం ఎదుటివాడికి తెలిస్తే ధర వాడి చేతుల్లోకి పోతుంది. నేను ఎన్నడూ తెలియనివ్వలేదు. ఆ రోజు మాత్రం కాయల రాశి పక్కన కూలబడి, చెల్లెలి సంగతీ నా స్కానింగ్ సంగతీ చెప్పేశాను.

రామాయమ్మ ఆ టీ తీసుకెళ్ళి పారబోసింది. పాకలోకి వెళ్ళి, పల్చటి మజ్జిగలో నిమ్మకాయ పిండి తెచ్చింది.

“ముందే చెప్పి చావొచ్చుగా అబ్బాయా. మేం పరాయోళ్ళమా? తాగు.”

“ధర మాత్రం తగ్గించేది లేదు” అన్నాడు కోటిలింగం.

“నేను పెంచేదీ లేదు” అన్నాను. ముగ్గురం నవ్వాం.

రామాయమ్మ అంతటితో ఊరుకోలేదు. తెలిసిన ఊళ్ళన్నిటికీ ఫోన్లు చేసింది. ఆ తర్వాత ఏ కల్లానికి వెళ్ళినా మజ్జిగో, దోసకాయ ముక్కలో, ఉడకబెట్టిన పెసలో ఎదురొచ్చేవి. నాదెండ్లలో ముబారక్ అనే కౌలురైతు నా బండి తాళం లాక్కున్నాడు.

“పక్క కల్లం ఆ గట్టు దాటితేనే గదన్నా. నడువు. బండి నేను తోలుకొస్తా.”

వినుకొండ దగ్గర ఒక ముసలమ్మ, “నీ చెల్లెలెట్టుందయ్యా?” అని అడిగాకే కాయ చూపించేది.

గడువు చివర డాక్టరమ్మ నా పాత స్కానింగూ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. నాగలక్ష్మి నా చొక్కా అంచు పట్టుకుంది.

“ఇప్పుడు తీసుకోవచ్చు” అంది డాక్టరమ్మ.

ఇచ్చిన ముక్క మేరకు కాలేయం మళ్ళీ పెరుగుతుందట. కోసిచ్చాక తిరిగి నిండే సరుకు నా వ్యాపారంలో ఎక్కడా చూడలేదు.

ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకు నన్ను ప్రసన్నలక్ష్మి గదికి తీసుకెళ్ళారు. కళ్ళల్లో పచ్చదనం తగ్గింది. ఏడాదిగా అన్నం చూస్తేనే మొహం తిప్పుకునే మనిషి, నన్ను ఎగాదిగా చూసింది.

“ఏంది అన్నాయ్, ఇంత చిక్కావు? వదిన అన్నం పెట్టట్లేదా?”

“నీకోసమేనమ్మా నేను మాడ్చింది” అంది నాగలక్ష్మి కళ్ళు తుడుచుకుంటూ.

“సర్లే వదినా. నాకు ఆకలేస్తంది.”

నర్సు ఇడ్లీ తెచ్చింది. చెల్లెలు సగం తిని ఆగింది. ఊపిరి తీసుకుని, మిగతా సగం కూడా తనే తుంచుకుంది. ఆ సీజన్లో నాకు వచ్చిన లాభం ఒక ఇడ్లీ. మా చెల్లెలు నమిలి మింగింది.