షెర్లిన్ నారింజ నీళ్ళు

నారింజ రంగు కంటబడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పండు ఏం చేసింది పాపం! చేసిందంతా మా ఆడపడుచు షెర్లిన్.

రోజూ పొద్దున్నే పిల్లల్ని బడిలో దింపే దారిలో మా ఇంటి ముందు బండి ఆపి, మూత బిగించిన పెద్ద సీసా పట్టుకుని లోపలికొచ్చేది. అందులో నారింజ పొడి కలిపిన నీళ్ళు. ఆ పొడి అమ్మేది కూడా ఆమే. అమెరికాలో మా యూటా లోయలో ఏ ఇంటి కారు షెడ్డు తలుపెత్తినా ఏదో ఒక కంపెనీ విటమిన్ డబ్బాలు కప్పు దాకా పేర్చి ఉంటాయి. మా చర్చి కట్టుబాటని కాఫీ చుక్క ముట్టని జనం మేము, పొద్దున్నే గోలీలు మాత్రం గుప్పిళ్ళతో మింగుతాం.

నలభై దాటాక డాక్టరమ్మ చెప్పింది, నాది బద్ధకమూ కాదు, పొగరూ కాదు, ఏడీహెచ్‌డీ అని. మనసు ఒకచోట నిలవకపోవడం చిన్నపిల్లల జబ్బనుకునేదాన్ని. పొయ్యి మీద గిన్నె మరిచిపోవడం, ఎదుటివాళ్ళు మాట్లాడుతుండగానే లేచి వెళ్ళిపోవడం, వీటన్నిటికీ ఒక పేరుందని తెలిసి కారులో కూర్చుని ఏడ్చాను. ఆమె మాత్ర రాసిచ్చింది. మా ఆయన డెవిన్‌కి అది నచ్చలేదు.

"అలవాటు పడిపోతావ్ కోలెట్. సరే, రెండు నెలలు చూద్దాం. తేడా రాకపోతే ఆపేద్దువుగాని," అన్నాడు.

ఒప్పుకున్నాను. న్యాయంగానే ఉందనిపించింది.

మర్నాడే షెర్లిన్ దిగింది. "బంగారం, ఆ మాత్ర ఒట్టి నీళ్ళతో మింగకు, కడుపులో మంట పుడుతుంది. ఇది తాగు. ఊహూ, నా ఎదురుగా తాగు," అంది. అంతటితో ఊరుకుందా? మా ఫ్రిజ్ తెరిచి రొట్టెలు, రంగు మిఠాయిలు, మా అమ్మాయి ఎమ్రీ దాచుకున్న తీపి పెరుగు కప్పులు చెత్తబుట్టలో పడేసింది. చేపనూనె, జింకు, మెగ్నీషియం సీసాలు గట్టు మీద బారుగా నిలబెట్టింది. చేపనూనెతో నాకేం పేచీ లేదు. పొద్దున్నే గుడ్లు తినమంది, తిన్నాను, నిజంగానే ఒంట్లో కాస్త సత్తువ వచ్చింది. తలలో సంత మాత్రం సద్దుమణగలేదు.

నేను హార్డ్‌వేర్ షాపులో గోడల రంగులు కలుపుతాను. మీట ఒకటి ఎక్కువ నొక్కితే డబ్బా మొత్తం దండగ.

"పాప గదికి లేత ఆకుపచ్చ కావాలంటే పాచి రంగు ఇచ్చావేంటమ్మా?" అని ఒకాయన డబ్బా వెనక్కి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

మా మేనేజరు గోర్డన్ నన్ను పక్కకి పిలిచాడు. "ఇంకోటి పాడైందంటే రంగులు మానేసి, కొనేవాళ్ళు బయట వదిలేసిన తోపుడుబళ్ళు తోసుకోవాలి నువ్వు."

ఇంటికొచ్చి చెబితే డెవిన్ నిట్టూర్చాడు. షెర్లిన్ అయితే చంకలు గుద్దుకుంది. "రసాయనాలు పనిచెయ్యవని మొత్తుకున్నానా లేదా? నా మాట వింటేగా!"

నేనే ఎందుకూ పనికిరాని మనిషినేమో, మందు కూడా నన్ను వదిలేసిందేమో అనుకున్నాను. గడువు దగ్గరపడుతుంటే నాకు అన్నం సయించలేదు.

ఇంతలో షెర్లిన్ బాగా అమ్మిందని కంపెనీవాళ్ళు ఫ్లోరిడా యాత్ర బహుమతిగా ఇచ్చారు. వారం రోజులు సీసా రాలేదు. కుళాయి నీళ్ళతోనే మాత్ర మింగి పనికి వెళ్ళాను. కాసేపటికి షాపులో ఏదో మారినట్టు తోచింది. చాలాసేపటికి గాని అర్థం కాలేదు, మారింది షాపు కాదు. తలలో గోల ఆగింది. ఆ పూట ఒక్క డబ్బా తప్పలేదు. సాయంత్రం ఎమ్రీ బళ్ళో తాబేలు తప్పిపోయి దొరికిన కథంతా చెప్పింది. నేను విన్నాను, చివరిదాకా.

"అమ్మా, ఇవాళ మధ్యలో లేచి వెళ్ళలేదేంటి?" అంది.

తొమ్మిదేళ్ళ పిల్ల అడిగే మాటేనా అది?

ఫ్లోరిడా నుంచి ఆమె వచ్చింది, సీసా వచ్చింది, సంత మళ్ళీ మొదలైంది. ఇక ఆగలేక శుక్రవారం డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

"పొద్దున్న మాత్ర దేంతో మింగుతున్నావ్?" అంది.

"నారింజ పొడి కలిపిన నీళ్ళతో. విటమిన్ సి అట, బోలెడంత ఉంటుందట."

"అయ్యో తల్లీ! నీకిచ్చిన రకం మాత్రకీ దానికీ పడదు. అది మందుని ఒంటికి పట్టనివ్వదు. రెంటికీ కనీసం గంట ఎడం ఉండాలి. ఈ మాట నేను ముందే చెప్పాల్సింది."

ఇంటికొచ్చి డెవిన్‌తో చెప్పాను. టీవీ మీంచి చూపు తిప్పకుండా "అవునా?" అన్నాడు. "అక్కతో నేను మెల్లిగా చెప్తాలే." నేనూ మెత్తబడ్డాను. తెలియక చేసినదానికి మనిషినేం అంటాం? శనివారం బడి లేకపోయినా ఆమె తెచ్చిన సీసా పుచ్చుకుని, ఆమె వెళ్ళాక తొట్టిలో పారబోశాను.

మర్నాడు నెలలో మొదటి ఆదివారం, మాకు ఉపవాసం రోజు. ఆ రోజు చర్చిలో ప్రసంగాలుండవు. మనసు పుట్టినవాళ్ళు మైకు దగ్గరికి వెళ్ళి తమ సాక్ష్యం చెప్పుకుంటారు. అక్కడ సరుకు మాట ఎత్తకూడదు. షెర్లిన్ మాత్రం సరుకు పేరు ఎత్తకుండానే అమ్మగలదు.

రుమాలు పట్టుకుని ఎక్కింది. "మా తమ్ముడి భార్య మాత్రల పాలైంది," అని మొదలుపెట్టింది. "నా కడుపు తరుక్కుపోయింది. ఒక మంచి పానీయం పక్కనే తాగిస్తే ఆ విషం ఒంటికెక్కదని తెలిసినావిడ చెప్పింది. నేనూ తమ్ముడూ మోకరించి ప్రార్థన చేశాం. రోజూ నా చేత్తో తాగించాను. ఇవాళ ఎంత కుదురుగా కూర్చుందో చూడండి!"

చర్చి చర్చంతా నావైపు తిరిగి నవ్వింది. నేను డెవిన్ వైపు తిరిగాను. పాటల పుస్తకంలో తల దూర్చేశాడు.

"నీకు తెలుసా?"

"అక్క మన మంచికే..."

"తెలుసా, తెలీదా?"

"తెలుసు."

కడుపు ఖాళీగా ఉందేమో, కోపం తిన్నగా తలకెక్కింది. పరీక్ష పెట్టినవాడే నేను తప్పేలా చేశాడు! నేను పనికిరానిదాన్నని కుమిలిపోతుంటే పక్కన కూర్చుని వీపు నిమిరాడు. షెర్లిన్‌నైనా క్షమిస్తానేమో గాని, ఆ నిమిరిన చేతిని ఎలా క్షమించను?

లేచి మైకు దగ్గరికి వెళ్ళాను. బిషప్ గారు నావైపు బెదురుగా చూశారు.

"సిస్టర్ షెర్లిన్ చెప్పింది నిజమే, నేను కుదురుగానే ఉన్నాను," అన్నాను. "ఎందుకంటే నిన్నా ఇవాళా మాత్ర మంచినీళ్ళతో మింగాను. ఆవిడ సీసా తొట్టిలో పోశాను. నా మందు నాకు పట్టకుండా తెలిసి తెలిసి చేశారు, అక్కాతమ్ముళ్ళిద్దరూ. పైగా దానికి దేవుణ్ణి సాక్ష్యం పిలిచారు. నాకు మీ ప్రార్థనలు వద్దు. నా మాత్రల జోలికి రాకండి, చాలు."

పుట్టి బుద్ధెరిగాక ఇంతమందిలో మొదలుపెట్టిన మాట దారి తప్పకుండా పూర్తి చెయ్యడం అదే మొదలు.

షెర్లిన్ కార్ల దగ్గర అడ్డం తగిలింది. "నలుగురిలో నా పరువు తీశావ్!"

"పోయిన పరువు మళ్ళీ వస్తుంది. పోయిన నా రోజులు తెచ్చిస్తావా?" అన్నాను.

ఆమెకు సిగ్గుండాలిగా! సోమవారం పొద్దున్న గుమ్మం ముందు సీసా ఉండనే ఉంది. లోపలికి తెచ్చి, నిండుగా గ్లాసులో పోసి డెవిన్ ముందు పెట్టాను.

"నాకెందుకు?" అన్నాడు.

"మంచిదేగా. తాగు. ఊహూ, నా ఎదురుగా తాగు."

ఎమ్రీ గుడ్డు తినడం ఆపి మా ఇద్దరినీ చూస్తోంది. అతను తాగాడు, అడుగు దాకా.

"నువ్వు పెట్టిన రెండు నెలలూ ఇవాళ్టి నుంచి లెక్క," అని, కుళాయి తిప్పి గ్లాసు పట్టుకుని, మాత్ర మింగాను.