పచ్చ కండువా

డీన్ ఆ మాట చెప్పేటప్పటికి సంగీతం టీచరు లోర్నా పెట్రాక్ చేతినిండా పచ్చ కండువాలున్నాయి. పొద్దున్నించీ సంగీత భవనం కింది గదిలో నిలబడి వాటిని ఇస్త్రీ చేస్తోంది. ఆ గదిలో హీటర్ చెడిపోయి వారం దాటింది. ఏప్రిల్ వచ్చినా ఒహాయో నది మీంచి కొట్టే గాలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. గాయకబృందంలో సగంమందికి జలుబు. పియానో పెడల్ తొక్కితే కిర్రుమంటోంది. బాగుచేసేవాణ్ణి పిలవడానికి ఈ ఏడు అనుమతే రాలేదు. ఇంత గోలలోనూ మధ్యాహ్నం కచేరీ చేయాలి. సీటొచ్చిన కొత్త పిల్లలు తల్లిదండ్రులతో వచ్చి యూనివర్సిటీని చూసుకుపోయే రోజది.

డీన్ గ్రెగ్ హాల్వర్సన్ లోపలికొచ్చి తలుపు వేశాడు. డీన్ కాకముందు అదే మేడమీద చరిత్ర పాఠం చెప్పేవాడు. లోర్నాతో కలిసి ఒకే కెటిల్‌లో కాఫీ నీళ్ళు కాచుకున్నవాడు.

"కూర్చో లోర్నా."

"నేను కూర్చుంటే వీటిని నువ్వు ఇస్త్రీ చేస్తావా? చెప్పు, వింటున్నా."

"గురువారం బోర్డు కూర్చుంది. సంగీతం, నాటకం, జర్మన్, మూడూ ఎత్తేస్తున్నారు. ఆ డబ్బు నర్సింగ్‌కీ, స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌కీ పెడతారట. ఉన్న పిల్లల కోసం రెండేళ్ళు నడిపి ఆపేస్తాం."

లోర్నా చేతిలో కండువా మడత విప్పి మళ్ళీ అదే మడత పెట్టింది. "అందరికీ ఎప్పుడు చెప్తారు?"

"మే రెండో వారంలో."

మే ఒకటి దాటాక అన్నమాట. మే ఒకటిలోగా పిల్లలందరూ ఏదో ఒక కాలేజీకి సొమ్ము కట్టి సీటు ఖాయం చేసుకోవాలి, మిగతా కాలేజీలకి రామని చెప్పేయాలి. ఒకసారి రామన్నాక తిరిగి వెళ్ళి తలుపు కొట్టినా అక్కడ సీటూ ఉండదు, స్కాలర్‌షిప్పూ ఉండదు.

"మరి ఇవాళొచ్చే పిల్లలకి ఏం చెప్పను?"

"ఇవాళ ఎప్పట్లాగే కానిచ్చెయ్."

"ఎప్పట్లాగే అంటే? మెళ్ళో కండువా వేసి, నువ్వు మా పిల్లవయ్యావనాలా?"

"నిన్ను అబద్ధం చెప్పమనట్లేదు. చెప్పకుండా ఉండమంటున్నా, అంతే. చేరాక వేరే కోర్సులోకి మారొచ్చు కదా."

"పాడదామని వచ్చినవాళ్ళకి ఇంజెక్షన్లు చేయడం నేర్పుతావు."

గ్రెగ్‌కి కోపం రాలేదు. నిద్రలేక కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. "ఆ రెండేళ్ళూ నువ్వుంటావు. నీ ఉద్యోగం మీద మీ ఆయన స్టాన్‌కి వచ్చే మెడికల్ ఇన్సూరెన్స్ ఆగదు. పట్టుబట్టి ఒప్పించా. కానీ ఇవాళ నోరు జారావంటే మాత్రం నా చేతిలో ఏం ఉండదు లోర్నా."

గ్రెగ్ చెడ్డవాడేం కాదు. లోకంలో చెడ్డ పనులన్నీ చెడ్డవాళ్ళే చేయాలంటే మనుషులు చాలరు. చాలా పనులు ఇలాంటి అలసిపోయిన మంచివాళ్ళ చేతుల మీదుగానే జరిగిపోతుంటాయి. ఊరకున్నంత ఉత్తమం లేదంటారు. ఆ సామెత కట్టినవాడికి నెల తిరిగేసరికి జీతం అందుతూ ఉండి ఉంటుంది.

భోజనం వేళకి లోర్నా కొండ దిగి ఇంటికి వెళ్ళింది. భర్త స్టాన్ కిటికీ దగ్గర కుర్చీలో, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో కూర్చుని ఉన్నాడు. గాజు ఫ్యాక్టరీ కొలిమి దగ్గర పీల్చిన ఇసుక దుమ్ము ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. ఫ్యాక్టరీ మాత్రం వెళ్ళిపోయింది. ఆమె పుట్టగొడుగుల సూప్ వేడిచేసి, పక్కన రై బ్రెడ్ పెట్టింది.

"మొహం అలా ఉందేంటి? మళ్ళీ ఆ హీటరేనా?" అన్నాడు స్టాన్.

"ఆఁ, అదే." గరిటె పక్కన పెట్టి అడిగింది. "స్టాన్, వాల్ట్ పోయినప్పుడు నువ్వు చర్చికి రానేలేదు. నేనొక్కదాన్నే వెళ్ళొచ్చా. ఎందుకు రాలేదు?"

"ఇప్పుడు వాడి గోల దేనికి?"

"ఊరికే అడిగా."

స్టాన్ సూప్‌లో బ్రెడ్ ముంచి చాలాసేపు తినకుండా పట్టుకున్నాడు. "ఫ్యాక్టరీ మూసే ముందు వారం పిక్నిక్ పెట్టారు, గుర్తుందా? పిల్లలకి బెలూన్లు కూడా ఇచ్చారు. వాల్ట్ మా ఫోర్‌మన్. వాడికి అప్పటికే తెలుసు. నా పక్కనే కూర్చుని సాసేజ్ తిన్నాడు. సోమవారం కొత్త ట్రక్కు అప్పుకి సంతకం పెడుతున్నా అని చెప్పా వాడికి. ఏమన్నాడో తెలుసా?"

"వద్దనలేదుగా."

"ఏ రంగు తీసుకుంటున్నావన్నాడు. ఎర్రది అన్నా. మంచి రంగన్నాడు." ఆయనకి దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా లోర్నా వీపు రాస్తూ నిలబడింది. "ఓనర్ల మీద నాకేం కోపం లేదే. వాళ్ళ మొహమే నేనెప్పుడూ చూళ్ళేదు. వీడు నా పక్కన కూర్చున్నాడు."

లోర్నా సిలిండర్ మీటరు చూసి, దుప్పటి సర్ది, మళ్ళీ కొండెక్కింది.

హాలు ముందు వరండాలో కాఫీ, డోనట్లు పెట్టారు. ఒక మూల బల్ల వేసి, సీటు ఖాయం చేసుకునేవాళ్ళ కోసం ఇద్దరు గుమాస్తాలని కూర్చోబెట్టారు. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువన్నట్టు, ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనంతగా పూలకుండీలు కూడా తెచ్చి పెట్టారు. గుంపులోంచి వెర్లిన్ కౌడిల్ చెయ్యి ఊపాడు. వెస్ట్ వర్జీనియాలో బొగ్గు లారీలు బాగుచేసే మెకానిక్. ఎంత తోమినా గోళ్ళ కింద నలుపు పోలేదు. అతని కూతురు డార్సీ ఫిబ్రవరిలో వచ్చి లోర్నా ముందు పాడి వెళ్ళింది. ఆ గొంతు విన్న రోజున లోర్నా ఇంటికెళ్ళి స్టాన్‌కి చెప్పి చెప్పి విసిగించింది.

"టీచరమ్మా, నాలుగ్గంటల దారంతా పాడతానే ఉంది. పెట్రోల్‌కి ఆపితే బంకులో కుర్రాణ్ణి కూడా వదల్లా," అన్నాడు వెర్లిన్.

"నాన్నా, ఊరుకో," అంది డార్సీ.

"ఊరుకోడానికా ఇంత దూరం వచ్చింది? చూడండమ్మా, ఆ గవర్నమెంటు యూనివర్సిటీవాళ్ళు ఫీజంతా మాఫీ అన్నారు. మీరు సగమే అన్నారు. బుద్ధున్నోడైతే అక్కడికే పోవాల. కానీ మీరు ఇంటికి ఫోన్ చేసి దీని గొంతు గురించి చెప్పారు గదా. బడినించి ఫోనొచ్చిందంటే మా ఇంట్లో ఎవడో ఎవడి పళ్ళో రాలగొట్టాడనే లెక్క. పొగడ్డానికి చేసింది మీరొక్కరే. అందుకే ఇది ఇక్కడే అని కూర్చుంది."

"చదువయ్యాక మా ఊరి బడికే వెళ్తా మేడం," అంది డార్సీ. "మా బడిలో పాట నేర్పేవాళ్ళు లేరు. ఆ గదిలో విరిగిన బెంచీలు పడేశారు. అవన్నీ నేనే బయటపడేస్తా."

"ఈ నాలుగేళ్ళూ మీ దగ్గరే గదమ్మా నేర్చుకునేది? ఆ మాట మీ నోటెంట వింటే ఇప్పుడే పోయి సంతకం పెట్టేస్తా," అన్నాడు వెర్లిన్.

అవతల గోడ దగ్గర గ్రెగ్ ఎవరితోనో మాట్లాడుతూ ఇటే చూస్తున్నాడు. ఆమెకి ఆక్సిజన్ మీటరు ముల్లు గుర్తొచ్చింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి అంది: "హాస్టల్లో ఏ గది అడిగావమ్మా?"

"నది వైపుది, మేడం."

"మంచి గది," అంది లోర్నా.

అనగానే ఆ మాట ఎవరిదో ఆమెకి తెలిసింది. డోనట్ల బల్ల పక్కన నిలబడలేక, కచేరీకి వేళైందని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. సంతకం సంగతి పాటయ్యాక చూద్దామని వెర్లిన్ కాఫీ కప్పుతో ముందు వరసలో కూర్చున్నాడు.

పిల్లలు బాగా పాడారు. జలుబు గొంతులతోనే ఒకళ్ళకొకళ్ళు ఆసరా ఇచ్చుకుంటూ పాడారు. తాము మూతపడే ఇంట్లో పాడుతున్నామని వాళ్ళకి తెలియదు. తెలిసిన మనిషి వాళ్ళకి ఎదురుగా నిలబడి చేతులూపుతోంది. ఆ చేతుల్ని నమ్ముకుని వాళ్ళు ఊపిరి తీసుకుంటున్నారు. లోర్నాకి అది భరించరానిదిగా ఉంది.

చివరికి కండువాల పాట వచ్చింది. ఒకప్పుడు ఈ బృందంలో పాడినవాళ్ళంతా గాజు ఫ్యాక్టరీలో సీసాలకి గుడ్డ చుట్టి సర్దే ఆడపిల్లలే. ఆ పచ్చగుడ్డనే మెళ్ళో వేసుకుని పాడారు. అప్పటినించీ ఆచారం. సంగీతంలో చేరబోయే పిల్లలు వేదికెక్కి తల వంచుతారు, గురువు తన చేత్తో కండువా వేస్తుంది, వాళ్ళు బృందంలో కలిసి ఆఖరి చరణం పాడతారు. కండువా పడ్డాక ఎవరూ వెనక్కి వెళ్ళిన దాఖలా లేదు. లోర్నా మెళ్ళో ముప్ఫై అయిదేళ్ళ కిందట ఈ వేదిక మీదే పడింది.

పియానో మీద ఎత్తుగడ మొదలైంది. ముందు ఒక పొడుగాటి అబ్బాయి వచ్చి తల వంచాడు. అలవాటుపడ్డ చేతులు, ఆమెని అడక్కుండానే కండువా వేసేశాయి. అబ్బాయి వాళ్ళమ్మ చప్పట్లు కొట్టింది. అతను నవ్వుతూ వెళ్ళి మగపిల్లల వరసలో నిలబడ్డాడు.

తర్వాత డార్సీ వచ్చింది. నెత్తి మీద పాపిడి తిన్నగా తీసుకుని ఉంది. కళ్ళు మూసుకుని మెడ వంచింది. ముందు వరసలో వెర్లిన్ ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నాడు.

లోర్నా కండువా ఎత్తింది. ఎత్తిన చెయ్యి దిగలేదు. పియానో ఎత్తుగడ అయిపోయింది. వాయించే కుర్రాడు ఇటు చూసి, మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు.

"వద్దమ్మా," అంది లోర్నా. "ఇది నీకు వేయను."

డార్సీ తల ఎత్తకుండానే, పెదవులు కదిలీ కదలకుండా అడిగింది. "నేనేమన్నా తప్పు చేశానా మేడం?"

"నువ్వు కాదు తల్లీ."

కండువా నాలుగు మడతలు పెట్టి గుండెకి ఆనించుకుని, హాలు వైపు తిరిగింది. ఆ గొంతుకి మైకు అవసరం ఎప్పుడూ లేదు.

"సంగీత శాఖని మూసేస్తున్నారు. గురువారం తేల్చేశారు. మీకు మే నెలలో చెప్తారు. అప్పటికి మీ డబ్బు ఇక్కడుంటుంది, మీ పిల్లలకి ఇంకోచోట సీటుండదు. నాకు పొద్దున తెలిసింది. ఇందాక వరండాలో అడిగినవాళ్ళకి నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా."

గ్రెగ్ లేచి నిలబడ్డాడు. ఏం చేయాలో తోచనట్టు మళ్ళీ కూర్చున్నాడు. వెనక వరసల్లో కుర్చీలు కదిలాయి. బృందంలో ఒక పిల్ల దగ్గడం మొదలుపెట్టి, ఏడ్చేసింది. పొడుగాటి అబ్బాయి కండువా తీయాలో ఉంచుకోవాలో తెలియక రెండు కొసలూ రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు. వెర్లిన్ ఫోన్ ఇంకా అలాగే పైకెత్తి పట్టుకున్నాడు. సాయంత్రం ఇంటికెళ్ళి స్టాన్‌తో ఏం చెప్పాలో లోర్నాకి తెలియదు.

వాయించే కుర్రాడికి ఆపమని ఎవరూ సైగ చేయలేదు. అతను అదే ఎత్తుగడ మూడోసారి అందుకున్నాడు. వేదిక మీద, కండువా కోసం వంచిన మెడ వంచినట్టే ఉంచి, డార్సీ ఇంకా నిలబడే ఉంది.